పొట్టులో దాచిన సూప్ డబ్బా

తోటలకు చెట్టు బెరడు పొట్టు తోలే ఆ పికప్ డ్రైవర్ని అందరూ పొట్టు బాబాయ్ అనేవాళ్ళు. తడి బెరడును ముక్కలు చేసి గుట్టపోస్తే దానంతటదే లోపల వేడెక్కుతుంది. కంటికి కనబడని జీవులేవో దాన్ని తింటుంటే పుట్టే వేడి అది. బాబాయ్‌కి ఆ లెక్కలు అక్కర్లేదు. పొద్దున్నే చలిలో లోడు ఆవిరి వదులుతుంటే, బండి వెనక ఏదో పెద్ద సాధుజంతువు పడుకుని ఊపిరి తీసుకుంటున్నట్టుండేది ఆయనకు. ఇరవై ఏళ్ళుగా తన టిఫిన్ డబ్బాను ఆ పొట్టులోనే, సీటు వెనక మూలన పాతిపెట్టేవాడు. మధ్యాహ్నానికి అప్పుడే పొయ్యి మీంచి దించినట్టుండేది.

ఆ రోజు డబ్బాలో ఉన్నది కూతురికి సూప్. నెలలు నిండకుండానే కన్నది. బిడ్డను అద్దాల పెట్టెలో ఉంచారు. రెండు రోజులుగా కూతురు ఆస్పత్రి మంచం దిగలేదు, ఏమీ ముట్టలేదు. పొద్దున ఫోన్లో మాత్రం, "అమ్మ చేసిన సూపైతే తాగుతా నాన్నా. వేడిగా ఉంటేనే సుమా," అంది.

"చల్లారిందో, ఇంట్లోకి రానివ్వను," అంటూ భార్య మూత బిగించి ఇచ్చింది.

ఇంకాస్త వేడిగా ఉంటుందని ఈసారి డబ్బాను లోడు నడిమధ్యన, మోచేతి లోతున దించాడు.

దారంతా మంచు. అద్దంలో వెనకనుంచి ఆవిరి తేలివస్తోంది. ఆ తెల్లదనంలో అరచేతంత మనవరాలు గుప్పిళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నట్టనిపించింది. అదే ధ్యాసలో ఆస్పత్రి పక్క పార్కు చేరాడు. అదే ధ్యాసలో లోడు కింద పరిచిన పట్టా లాగాడు. పొట్టంతా ఒక్కసారిగా జారింది. పట్టా మడతపెట్టుకుంటూ ఎంతసేపు నిలబడ్డాడో, తోటమాలి అప్పటికే సగం గుట్టను మొక్కల చుట్టూ సర్దేశాడు.

అలవాటుగా మూలన చెయ్యి పెట్టాడు బాబాయ్. ఖాళీ. ఈసారి నడిమధ్యన దించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

"ఒరే, నీ పారకు డబ్బా ఏదన్నా తగిలిందా?"

"పొట్టులో డబ్బాలేంటి బాబాయ్! నిధిగానీ పాతావా?"

"నా కూతురి సూప్‌రా. రెండు రోజుల్నించి ఏమీ తిన్లేదు."

తోటమాలి నవ్వు ఆగిపోయింది. గబగబా పార ఎత్తాడు.

"పార వద్దు! మూత ఊడుతుంది."

ముందు గుట్టలో చేతులు పెట్టి వెతికారు. లేదు. బాబాయ్ చెప్పులు విడిచాడు. పలచగా పరిచిన పొట్టు ఇట్టే చల్లారిపోతుంది, నిండు డబ్బా అంత తొందరగా చల్లారదు. అడుగులో అడుగు వేసుకుంటూ మొక్కల మధ్య నడిచాడు. చల్లన. చల్లన. కళ్ళు మూసుకున్నాడు. ఇంకా చల్లనే. ఏడో మొక్క దగ్గర అరికాలికి వెచ్చగా తగిలింది, నిద్రపోతున్న పసిదాని పొట్టలా.

డబ్బా పక్కకు ఒరిగి ఉంది. భార్య బిగించిన మూత మాత్రం ఇసుమంతైనా కదల్లేదు.

ఆస్పత్రి గదిలో మూత తీయగానే కూతురి ముఖమంతా ఆవిరి.

"ఇదేంటి నాన్నా, డబ్బా అంతా అడవి వాసన?"

"నడిచొచ్చింది మరి, పార్కులోంచి."

రెండు రోజుల తర్వాత నవ్వింది ఆ పిల్ల. ఒక చెంచా తాగింది. తర్వాత చెంచా పక్కన పడేసి, డబ్బానే ఎత్తి తాగింది. మూతి తుడుచుకుని కాళ్ళు కిందికి దించింది.

"చెయ్యివ్వు నాన్నా. పసిదాన్ని చూసొద్దాం."