డాక్టరమ్మగారి గదికి రాని వాటా

డాక్టరమ్మగారు పోయారని మొన్న ఆదివారం పొద్దున్నే వాళ్ళ పక్కింటామె ఫోన్ చేసి చెప్పింది. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. ఆవిడ బతికుండగా మొహం చాటేసిన మా ప్రాంతం నుంచి ఎన్నికైన ప్రతినిధి ఇప్పుడు పూలు పట్టుకుని తప్పకుండా వస్తాడనుకున్నాను. వచ్చాడు కూడా.

ఆస్పత్రి నుంచి రిటైరయ్యాక ఆవిడ కమ్యూనిటీ సెంటర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, గంజాయికి అలవాటు పడ్డ పిల్లలను శనివారాలు కూర్చోబెట్టుకునేవారు. పక్క ఊరు బ్రాంప్టన్ నుంచి బస్సులు మారి వచ్చేవాళ్ళు, వేర్‌హౌస్‌లో షిఫ్ట్ దిగి నేరుగా వచ్చేవాళ్ళు. ఎందుకు తాగావని ఆవిడ ఎవర్నీ అడగలేదు. తిన్నావా అని అడిగేవారు. మంచులో తడిసిన వాళ్ళ బూట్లను తనే హీటరు పక్కన జతలుగా పెట్టేవారు. పెరుగన్నం, ఊరమిరపకాయలు నా వంతు. మా అమ్మాయి చదువు వదిలేసి తలుపేసుకున్న ఏడాది నేను మొదటిసారి ఆ గదికి వెళ్ళాను. అమ్మాయి ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది. కాబట్టి నా దగ్గర నిష్పాక్షికత ఆశించకండి.

మేం వచ్చి స్థిరపడ్డ ఈ దేశంలో గంజాయి అమ్మకం చట్టబద్ధమే. పన్నులో పెద్ద వాటా ప్రావిన్స్ ప్రభుత్వానికి, అంటే మన రాష్ట్ర ప్రభుత్వం లాంటిదానికి, వెళ్తుంది, అందులోంచి కొంత ఊళ్ళకు పంచుతామన్నారు. "అమ్మకానికి అనుమతి వాళ్ళదే, పన్నూ వాళ్ళదే. చెయ్యి కాలితే మందు రాయడం ఒక్కటే మన వంతా?" అనేవారు డాక్టరమ్మగారు.

ఊరికొచ్చే వాటాలో ఆ గదికీ కొంత ఇప్పిస్తానని మా తెలుగు సంఘం ఉగాది సభలో ఆ ప్రతినిధి మాటిచ్చాడు. మనవాళ్ళ సంగతి తెలిసిందే. అతను మైకు వదిలేలోపే శాలువా కప్పేశారు. మెడ ఎప్పుడు వంచాలో అతనికి నేర్పిందీ మనమే. డాక్టరమ్మగారు చప్పట్లు కొట్టలేదు. కారెక్కాక మాత్రం, "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నారు.

వాటా ఊరికి వచ్చింది. గదికి రాలేదు. అద్దె కట్టలేక చలికాలం మధ్యలో గది మూతపడింది. ఆవిణ్ణి అతని ఆఫీసుకు నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. పిల్లల గదికి ఎంత ఇచ్చారని ఆవిడ అడిగితే, డబ్బంతా ఒకే కుండలో పడుతుందని, ఏది దేనికి పోయిందో విడదీసి చెప్పలేమని అతను నవ్వుతూ చెప్పాడు. ఆవిడ ఇంగ్లీషులో నెమ్మదిగా, కుండ ఒకటే కావచ్చు, గరిటె మీ చేతిలోనే ఉంది కదా అన్నారు. ఆ తర్వాత అతను ఆవిడ ఫోన్ ఎత్తలేదు.

ఆస్పత్రిలో చేరే వారం దాకా పిల్లలను తన వంటింటి బల్ల చుట్టూ కూర్చోబెట్టుకున్నారు. బస్సు లేని ఆ వీధికి చాలామంది రాలేకపోయారు. రానివాళ్ళను తలుచుకుంటూ ఆవిడ అన్నం కెలికి లేచిపోయేవారు. అది నేను మరిచిపోను. క్షమించను కూడా.

సంతాప సభకు సంఘం అధ్యక్షుడుగారు అతన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. నేను గొడవపడ్డాను. "పోయినావిడ పేరు మీద పగలెందుకమ్మా," అన్నారాయన. సరేనన్నాను. అతనికి శాలువా నేనే కప్పుతానన్నాను. సంతాప సభలో శాలువా ఏమిటని అడగకండి, మా సంఘానికి అది లేకపోతే సభ జరిగినట్టుండదు. నా మనసు మెత్తబడిందని అధ్యక్షుడుగారు సంతోషించారు.

నేను శాలువా విప్పాను. అతను అలవాటుగా మెడ వంచాడు.

"డాక్టర్ గారు అడిగిన ప్రశ్నే అడుగుతున్నాను," అన్నాను మైకులో. "మా ఊరికొచ్చిన గంజాయి పన్నులో పిల్లల గదికి ఎంత ఇచ్చారు?"

ఆ గదికి వచ్చిన పిల్లలు హాలు వెనక గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళూ జవాబు కోసం చూశారు. నేను వెనక్కి తిరిగి, శాలువాను డాక్టరమ్మగారి ఫొటో చుట్టూ కప్పి, జారిపోకుండా అంచులు దోపాను. ఆవిడ ఉంటే ఇలాంటి పని చెయ్యనిచ్చేవారు కాదు. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత ఊపిరి ఆడింది.

ఇటు తిరిగేసరికి అతను ఇంకా మెడ వంచుకునే ఉన్నాడు. ఎత్తితే ఆ వెనక గోడ కనిపిస్తుంది మరి.