మిషన్ పెద్దమ్మకు దొరికిన నా వాగ్దానం

ఆ రోజుల్లో దేవుడి మీద నాకు నమ్మకం లేదని ఎవరైనా అంటే పోట్లాటకు దిగేవాణ్ణి. నమ్మకం నిండా ఉండేది. కాకపోతే ఆయన మాటిచ్చేటప్పుడు కాస్త వివరంగా ఇస్తే బాగుండునని, ఏ నెలలో, ఏ ఆఫీసులో అన్నది కూడా చెప్పేస్తే ఆయనకూ నాకూ సుఖంగా ఉంటుందని ఓ చిన్న అభిప్రాయం మాత్రం ఉండేది. డిగ్రీ అయి రెండేళ్లు. సిద్దిపేటలో నేను తిరగని ఆఫీసు లేదు. రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లాను కానీ, ఆ గది తలుపు దాటగానే నా నాలుక అంగిలికి అంటుకుపోయేది. (మొదటిసారి మా నాన్న పేరు అడిగితే కూడా ఆలోచించి చెప్పాను.) మూడోది ఫిబ్రవరిలో ఉంది. మళ్లీ నోరు పెగలకపోతే ఇంట్లో ముఖం ఎలా చూపించాలన్నదే అప్పట్లో నా ప్రార్థనంతా.

మా చర్చిలో కొత్త సంవత్సరం రోజు పొద్దున ఆరాధన అయ్యాక వాగ్దానాల పళ్లెం పెడతారు. తెల్లగుడ్డ పరిచిన పళ్లెంలో మడిచిన కార్డులుంటాయి. ఒక్కొక్కరూ వచ్చి, కళ్లు మూసుకుని, ఒకటి తీసుకోవాలి. అందులో ఉన్న వాక్యమే ఆ ఏడాదంతా దేవుడు వాళ్లకిచ్చిన మాట. దాన్ని పూజగదిలో విభూతిలా భద్రంగా దాచుకుంటారని మా పక్కింటి వాళ్లు అనుకునేవారు గానీ, మావాళ్లు చాలామంది బీరువా అద్దానికి అంటిస్తారు. ఏటా అచ్చు వేసిన కార్డులు కొనేవాళ్లు. ఆ ఏడు మా పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అని పిలిచే పెద్దాయన, నా చేతిరాత మీద మనసుపడి, "నువ్వే రాయి నాయినా, ఖాళీగనే ఉన్నవ్ గదా" అన్నారు. (ఆ చివరి మాట లేకపోయినా నేను రాసేవాణ్ణే.) నూట ఇరవై వాక్యాల జాబితా ఇచ్చారు. రాశాను. రాస్తూ రాస్తూ నాకు పనికొచ్చేది ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. ఓర్పు ఉంది, సమాధానం, అంటే మనశ్శాంతి, ఉంది, కాపుదల ఉంది. ఇంటర్వ్యూ ఎక్కడా లేదు. దాంతో నూట ఇరవై ఒకటో కార్డు నేనే రచించాను. "నీవు భయపడుచున్న గదిలోనికి ధైర్యముగా వెళ్లుము, నీవు అడిగిన దానితోనే బయటికి వచ్చెదవు." భాష బాగా కుదిరిందని నాకే ముచ్చటేసింది. కింద, ఎవరూ ఎక్కువగా తెరవని ఓ ప్రవక్త పేరు వేసి, పదిహేడో అధ్యాయం అని రాశాను. ఆయన రాసింది పద్నాలుగే. తర్వాత ఆ కార్డును సులువుగా గుర్తుపట్టేందుకు ఓ మూల కొంచెం మడిచి, పళ్లెం అడుగున పెట్టాను.

ఇక్కడే నా లెక్క తప్పింది. అయ్యగారు ప్రార్థన చేసి, పళ్లెంలో చెయ్యి పెట్టి పప్పు కలిపినట్టు కార్డులన్నీ కలిపేశారు. పెద్దవాళ్లు ముందు రావాలి కాబట్టి నాకంటే ముందు వరసలో మిషన్ పెద్దమ్మ ఉంది. పాత బస్టాండు వెనక సందులో బట్టలు కుట్టే ఆవిడ. మా అమ్మకు దూరపు అక్క. భర్త పోయినప్పటి నుంచీ ఆ మిషనే ఆవిడకు ఆధారం. రెండు కళ్లలోనూ పొర కమ్మేసి, సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లల్ని పిలిచే స్థితికి వచ్చింది. డాక్టరు ఆపరేషన్ చేయించుకొమ్మని ఏడాది నుంచీ చెబుతున్నాడు. "కత్తి కంట్ల వెడ్తడంట, నేను పోను" అని ఆవిడ ఏడాది నుంచీ మొండికేసింది. ఆ రోజు ఆవిడ పళ్లెంలో చెయ్యి పెట్టి, బట్ట అంచు తడిమినట్టు కార్డుల్ని తడిమింది. మడిచిన మూల దగ్గర ఆ వేళ్లు ఆగాయి. "గిదే నాది. చేతికే చెప్తున్నడు" అని తీసుకుని, నేరుగా నా దగ్గరికే వచ్చింది. "చదువు కొడుకా." చదివాను. పెద్దమ్మ కళ్లనిండా నీళ్లు. "భయపడే గది అంటే ఆపరేషన్ గదే గద రా? అడిగింది అంటే నా చూపే గద? గింత సాఫ్‌గ చెప్పినంక ఇంక నేనెందుకు ఆగాలె?" అంది. నాకొచ్చిన కార్డు కూడా చెప్పాలి కదా. ఓర్పుతో కనిపెట్టమని, అంటే ఎదురుచూడమని.

ఆ తర్వాతి ఆదివారం అందరూ తమ వాగ్దానం కంఠతా చెప్పడం మా ఆచారం. పెద్దమ్మ వారమంతా నన్ను పిలిచి చదివించుకుంది. ప్రవక్త పేరు, అధ్యాయం అంకెతో సహా. చర్చిలో నిలబడి, గంట కొట్టినట్టు వాక్యం మొత్తం చెప్పింది. అయ్యగారి కనుబొమలు పైకి లేచాయి. "ఏ గ్రంథమమ్మా?" అని అడిగారు. పెద్దమ్మ నోరు తెరిచేలోపు నేను లేచి "ఆమేన్!" అని అరిచాను. అలవాటు కొద్దీ అందరూ ఆమేన్ అన్నారు. డోలక్ అతను ఇంకేదో అనుకుని పాట ఎత్తుకున్నాడు. అలా గండం గడిచింది గానీ, అసలు చిక్కు అలాగే ఉంది. చెబితే ఆవిడ ఆపరేషన్ మానేస్తుంది, ఉన్న చూపూ పోతుంది. చెప్పకుండా ఉంటే, అక్కడ ఏదైనా జరగరానిది జరిగితే, ఆవిడ ఇక దేవుణ్ణి ఎలా నమ్ముతుంది? రాసింది నేను, మాట పడేది ఆయన.

ఆపరేషన్ రోజు తోడు కూడా నన్నే రమ్మంది. కంటి దవాఖాన వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఆవిడ పెదాలు ఆ దొంగ వాక్యాన్నే గొణుగుతున్నాయి. ఇక నావల్ల కాలేదు. మొత్తం చెప్పేశాను. ఇంటర్వ్యూ, మడిచిన మూల, లేని అధ్యాయం, అన్నీ.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "అంటే ఆయన అనలేదా గా మాట?" అని అడిగింది.

"అనలేదు పెద్దమ్మా."

సంచి తీసుకుని లేచింది. గోడ పట్టుకుంటూ గేటు వైపు నడిచింది. నేను వెనకాలే వెళ్లాను. ఆపడానికి నాకు మొహం లేదు. మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు మెట్టు కనబడక ఆగింది. అక్కడే కూలబడింది. కాసేపటికి, "మరి ఏమన్నడు రా? భయపడేటోళ్లకు ఆయన నిజంగ ఏమన్నడు? నీ జేబుల చిన్న బైబిల్ ఉన్నది గద, తీసి చదువు. నీది ఒక్క ముక్క కలిపినవంటే చెంప పగులుతది" అంది.

చదివాను. నీళ్లలో నడిచినా తోడుంటానన్నది, చెయ్యి పట్టుకుంటానన్నది, తల నెరిసినా ఎత్తుకుంటానన్నది. వెళ్లే వచ్చే జనం చూస్తున్నా, మెట్ల మీద కూర్చుని గొంతు ఆరిపోయేదాకా చదివాను. అవన్నీ జాబితాలో ఉన్నవే. నా చేత్తో నేనే రాసి, నాకు పనికిరావని పక్కన పెట్టినవే. పెద్దమ్మ శ్రద్ధగా విని, "గిండ్ల యాడ కూడ అడిగింది ఇస్తనని లేదేంది?" అంది.

"వెంట ఉంటనన్నడు పెద్దమ్మా. గంతే."

"ఉంటనన్నోడు ఉంటడా?"

"ఉంటడు" అన్నాను. ఆ మాట మాత్రం కల్పించి చెప్పలేదు.

"ఇంక చాలు, నడువ్" అని నా భుజం పట్టుకుని లేచింది. లోపలికి వెళ్లబోతూ ఆగి, "గిన్ని ఉండంగ నువ్వెందుకు రాసినవ్ రా? ఆయనకు మాటలు తక్కువైనయా?" అంది. తలుపు మూసుకుంది. ఆ అరగంటలో నేను చేసినంత ప్రార్థన నా ఉద్యోగం కోసం రెండేళ్లలో చేసి ఉండను.

మర్నాడు కంటి కట్టు విప్పారు. పెద్దమ్మ రెప్పలు కొట్టుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూసింది. "గా కాలర్ ఏంది రా గట్ల వంకరున్నది? ఎవ్వతి కుట్టింది?" అంది.

"నువ్వే పెద్దమ్మా, దసరాకు."

నర్సుతో సహా అందరం నవ్వాం. నాకు మాత్రం నవ్వుతోపాటు ఏడుపూ వచ్చింది.

ఫిబ్రవరిలో నా ఇంటర్వ్యూకు వెళ్లాను. ఈసారి నోరు పెగిలింది. నాన్న పేరు తడుముకోకుండా చెప్పాను. ఉద్యోగం మాత్రం రాలేదు. ఆ సాయంత్రమే పేర్లు చదివేశారు, నాది లేదు. తల వంచుకుని బయటికి వస్తే, ఆఫీసు గేటు దగ్గర నల్లకళ్లద్దాలు పెట్టుకుని, సంచి చంకన పెట్టుకుని మిషన్ పెద్దమ్మ నిలబడి ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందట.

"నువ్వెందుకొచ్చినవ్ పెద్దమ్మా?"

"నా గది బయట నువ్వున్నవ్ గదా" అంది. "వచ్చిందా?"

"రాలేదు."

"సరే తియ్యి. ఆకలైతలేదా? పా, చాయ తాగుదాం."

ఉద్యోగం ఆ తర్వాత ఏడాదిన్నరకు, నేను అడగని ఊళ్లో, నేను అడగని ఆఫీసులో వచ్చింది. ఇప్పటికీ జనవరి ఒకటిన కార్డు విప్పినప్పుడు, ఈయన కాస్త వివరంగా చెబితే ఏం పోతుంది అని నాకు అనిపిస్తూనే ఉంటుంది. ఇన్నేళ్లొచ్చినా ఈ బుద్ధి మారలేదేమిటని నవ్వుకుంటాను. ఆ సాయంత్రం హోటల్ బల్ల మీద, నా చాయలో తన బిస్కెట్టు కూడా ముంచి నాకే ఇచ్చిన పెద్దమ్మ గుర్తొచ్చి, కార్డును మళ్లీ ఒకసారి నెమ్మదిగా చదువుకుంటాను.