కంప్యూటర్ పేరున కోసిన పొట్టేలు

పెనుకొండ హాస్టల్లో నన్ను చేర్పించిన సాయంత్రం, కొత్తగా వచ్చిన మమ్మల్నందరినీ హాల్లో గుండ్రంగా చాపల మీద కూర్చోబెట్టారు. ఈ ఏడాదంతా ఇక్కడే తిని, ఇక్కడే పడుకుని, మనుషుల కథలూ గతమూ ఆలోచనలూ అన్నీ కలిపి చదవాలి. అదీ కోర్సు. పెట్టెలు మోసుకొచ్చిన పెద్దవాళ్లు గోడ వెంబడి కుర్చీల్లో ఉన్నారు. మా నాయన చివరి కుర్చీలో.

"ఈ చదువంటే మీ ఇంట్లో ఏమన్నారు?" అని మేడం ఒక్కొక్కరినే అడుగుతూ వచ్చింది. నా వంతు వచ్చింది.

"మా నాయన కంప్యూటర్ సీటని ఊరంతా చెప్పి, పొట్టేల్ని కోయించినాడు మేడం" అన్నాను.

హాలంతా ఘొల్లున నవ్వింది. ఇంకేం, నాకు ఊపొచ్చింది. మొత్తం చెప్పేశాను.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. నాకు సీటొస్తే పొట్టేలునిస్తానని మా అవ్వ మారెమ్మకు మొక్కుకుంది. సీటొచ్చింది. కంప్యూటర్ సీటు మొక్కనే చెప్పి నాయన పొట్టేల్ని గుడి ముందర నిలబెట్టాడు. పసుపు నీళ్లు చల్లితే పొట్టేలు ఒళ్లు విదిలించాలి. అప్పుడే అమ్మవారు ఒప్పుకున్నట్టు, అప్పుడే కత్తి. మా పొట్టేలు విదిలించదే! చెంబు మీద చెంబు పోశారు. అది తాపీగా నెమరేస్తూ నిలబడింది.

"ఏమప్పా, మొక్కులో ఏందో తేడా ఉండాది. సరిగ్గా చెప్పుకో" అన్నాడు పూజారి.

నాయన గుడి ముందు సాగిలపడ్డాడు. "తల్లీ, తప్పయింది. బిడ్డది కంప్యూటర్ కాదు, వేరే చదువు. నేనే అబద్ధం చెప్పినా."

ఎవరో దాని చెవిలో నీళ్లు పోశారు. విదిలించింది. హిందూపురంలో ఇంజనీరింగ్ చదివే కొడుకున్న మా అత్త ఆ రోజు పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే రెండోసారి పులుసు పోయించుకుంది.

ఇదంతా చేతులు తిప్పుతూ, నెమరేసి మరీ చూపించాను. అందరూ పొట్టలు పట్టుకున్నారు. మేడం కళ్లు తుడుచుకుంటూ గోడ వైపు తిరిగి, "నిజమేనాండీ?" అంది.

నాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఔ మేడం. నేనే చెప్పినా" అని నవ్వాడు. చప్పట్లు కొట్టారు.

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఛీ, ఏం పుట్టుక నాది! ఆ అబద్ధం నాయనది కాదు, నాది. "కంప్యూటరని చెప్పు నాయనా, అత్త ముందర నా పరువు పోతాది" అని ఏడ్చి గోల చేసింది నేను. "అమ్మోరి కాడ అబద్ధమా పాపా?" అన్నాడాయన, ఒక్కసారే. ఆ తర్వాత నేను చెప్పమన్నట్టే ఊరంతా చెప్పాడు. పూజారి అడిగినప్పుడు ఊరంతా చూస్తుండగా ఆయన చూసింది నా వైపే. నేను నేల చూపులు చూశాను. అప్పుడు తప్పు తన నెత్తిన వేసుకున్నాడు. ఇప్పుడు ఊరు కాని ఊళ్లో నేనే దాన్ని మళ్లీ ఆయన నెత్తిన పెట్టాను, అదీ నలుగురి మెప్పు కోసం.

బస్టాండు దాకా నాయన వెంట నడిచాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"పోయి మేడంకు నిజం చెప్పేస్తా నాయనా" అన్నాను.

"పోనీలే పాపా. అందరూ నవ్వినారు గదా. నీకు జతగాళ్లు దొరికినట్లే" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ధర్మవరం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. పక్క సీటు పెద్దాయన నన్ను చూసి, "బిడ్డను చేర్పించి పోతాండావా? ఏం చదువుతాంది?" అని అడిగాడు.

నాయన కిటికీలోంచి నా వైపు వంగి, మెల్లగా అడిగాడు.

"ఏమని చెప్పల్ల పాపా?"

ఈలోగా బస్సు కదిలితే చాలు దేవుడా అనుకున్నాను. కదల్లేదు. డ్రైవరు ఇంకా కింద టీ తాగుతున్నాడు. నాయన ముఖంలో ఎగతాళి లేదు, కోపం లేదు. నేను ఏది చెప్పమంటే అది చెప్పడానికి నా నోటి వైపే చూస్తున్నాడు.

"ఉన్నదే చెప్పు నాయనా" అన్నాను.

ఆయన పెద్దాయన వైపు తిరిగాడు. "సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, సమాజశాస్త్రం. అన్నీ కలిపి ఒకటే చదువప్పా. మనిషిని గురించి చదివేది" అన్నాడు, ఒక్క మాట తడబడకుండా.

ఆ మాటలు ఎప్పుడు, ఎవరినడిగి నేర్చుకున్నాడో నాకు తెలియదు. నేనైతే ఒక్కసారి కూడా ఆయనకు చెప్పలేదు.