ఇప్పనూనె మర్దన

కిరందుల్ ఇనుప గని కాలనీలో ఉన్న రోజుల్లో నా భార్యకు కీళ్లవాతం ముదిరి మోకాళ్లు బిగుసుకుపోయాయి. మాత్రలు వేసుకుంటే కడుపులో మంట. అందుకని పక్క పల్లె నుంచి దోర్లా తెగ గిరిజన అవ్వ ఒకావిడ వచ్చి, గోరువెచ్చని ఇప్పనూనెతో మర్దన చేసేది. గనిలో షిఫ్టు రిపోర్టులు రాసిన అలవాటు కొద్దీ నేను రోజూ పొద్దున్నే "నొప్పి పదికి ఎంత?" అని అడిగి డైరీలో రాసుకునేవాణ్ణి. మూడు నెలల్లో అది ఎనిమిది నుంచి మూడుకు దిగింది.

సంబరంగా డైరీ పట్టుకుని ఆసుపత్రికి బయలుదేరితే, వసారాలోనే నా భార్య నన్ను ఆపింది.

"అది చూపించకండి. నొప్పి తగ్గలేదు."

"మరి మూడని ఎందుకు చెప్పావు?"

"తగ్గలేదంటే అవ్వని మానిపించేసేవారు. పనిచెయ్యని పంపు మార్చినట్టు మందులు మార్చే మనిషి కదండీ మీరు! ఆవిడ కాళ్లు పడుతున్నంతసేపే నాకు కాస్త కునుకు పట్టేది."

డైరీ లోపల పెట్టేసి, ఆమెను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుతో ఆమే ఎనిమిదని చెప్పింది. ఆయన మాత్రలు మార్చి, మర్దన మానక్కర్లేదన్నాడు. ఆ తర్వాత నేనెప్పుడూ అంకె అడగలేదు. అవ్వ మాత్రం మేము ఆ కాలనీ వదిలేదాకా వస్తూనే ఉంది.