రాగితీగ పెట్టె ఎవరిని చూసి కూసిందంటే

మా మేడలో మూడో అంతస్తు పిల్లకి రాగితీగ అని పేరు పెట్టింది ఎవరో గానీ వాళ్ల నోట్లో పంచదార పోయాలి. మనిషి నిజంగా తీగే. జడ విప్పి దులిపితే వైరు ముక్కలు, చిన్న చిన్న స్క్రూలు రాలతాయి. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదువుతోంది. ఆ చదువు మొదలైన దగ్గర్నుంచి వాళ్లింట్లో ఏ వస్తువూ ఒంటిమీద మూత నిలుపుకోలేదు. రేడియో పొట్ట కోసింది, మిక్సీ నడుం విరిచింది. గోడ గడియారం విప్పి బిగిస్తే అది వెనక్కి తిరగడం మొదలుపెట్టింది. దాన్ని చూసుకుంటూ మందులు మింగిన వాళ్ల నాయనమ్మ ఆ నెలంతా చిన్నదవుతూ వచ్చిందని మా మేడలో చెప్పుకుంటారు. నేనైతే కళ్లారా చూశాను, ముఖం మీద ముడతలు తగ్గాయి.

వాళ్లమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఉన్నదొకటే పెద్ద బల్ల. దానికి ఒక చివర కుట్టుమిషను, రెండో చివర పిల్ల టంకం పెట్టుకునే వేడి కడ్డీ. కుట్టడానికిచ్చిన చొక్కాలన్నీ ఆ పొగ వాసనతోనే తిరిగొస్తాయి. ఆవిడ కుట్టిన చొక్కా తొడుక్కున్నవాడు పక్కన కూర్చుంటే, ఎక్కడో ఏదో మాడుతోందని బస్సు ఆపించి దిగిపోయినవాళ్లున్నారు. ఆ బస్సు కండక్టరు ఆవిడ మొగుడే. ఇంటి గుట్టు బయటపెట్టలేక, "ఇంజను వేడెక్కిందండీ" అని సర్దిచెప్పాడట.

చివరి సంవత్సరంలో వీళ్ల చదువులో ఒక గండం ఉంది. సొంతంగా ఒక వస్తువు తయారుచేసి, బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడి ముందు నడిపి చూపించాలి. దాన్ని ప్రాజెక్టు అంటారు. మొదటిసారి వాళ్ల మేడమ్‌కి చూపించిన రోజున రాగితీగ పెట్టెలోంచి పొగొచ్చింది. పక్క వీధిలోవాళ్లు ఆరేసిన బట్టలు తీసుకున్నారంటే ఎంత పొగో చూసుకోండి. మేడమ్ కళ్లు తుడుచుకుని, "ఇంకొక్క అవకాశం ఇస్తున్నా. ల్యాబులో పనిచేస్తే సరిపోదు. మనుషులు తిరిగే చోట వారం రోజులు పనిచేయించి, అప్పుడు పట్టుకురా. సోమవారం పరీక్షకుడు వస్తున్నాడు. ఈసారీ ఇంతే అయితే వచ్చే ఏడాది నీ జూనియర్లతో కూర్చుంటావు" అంది.

ఆ జూనియర్లలో రాగితీగ పిన్ని కూతురు ఉంది. దానికి ఎక్కాలు నేర్పింది ఇదే, చెవి మెలిపెట్టింది ఇదే. ఇప్పుడు దాని పక్క బెంచీలో కూర్చోవాలంటే తల కొట్టేసినట్టే కదా. ఆ రాత్రి అన్నం ముట్టలేదు పిల్ల.

ఇంతకీ ఆ పెట్టె ఏమిటంటే, నీళ్ల ట్యాంకు నిండితే కూసే పెట్టె. మా మేడమీది ట్యాంకుకి నిండితే ఆగే గుణం లేదు. మోటారు వేసినవాళ్లు వేసి మర్చిపోతారు. నీళ్లు మెట్లమీదుగా దిగి, కింద ఓనరమ్మ గుమ్మం దాటి, ఆవిడ తివాచీ మీద పడుకుంటాయి. అందుకే రాగితీగ వెళ్లి అడగ్గానే ఓనరమ్మ ఒప్పుకుంది. ట్యాంకు పైఅంచులో రెండు తీగలు వేలాడదీసింది. నీళ్లు ఆ రెండింటినీ కలిపి తాకితే, పొడుగాటి వైరు వెంట కబురు కిందికొచ్చి, మెట్ల మలుపులో తగిలించిన పెట్టె కూస్తుంది. కూతంటే నక్క కాలు తలుపులో పడ్డట్టు.

ఆ పొగ సంగతి సరిచేశాక ల్యాబులో అది బంగారంలా పనిచేసిందట. మా మెట్ల మలుపులో మొదటి రోజే, ట్యాంకులో చుక్క నీళ్లు లేని వేళ, ఓనరమ్మ కూరగాయల సంచీతోనే అద్దె అడగడానికి పైకొస్తుంటే కూసింది. ఆవిడ సంచీ వదిలేసింది. వంకాయలు వీధి చివర దాకా దొర్లుకుంటూ పోయాయి.

"ఏమే, నీళ్లు నిండితే కదా కూయాలి, నేను నిండానా ఏంటి?" అని కేకేసింది.

రాగితీగ పరుగున వచ్చి, పెట్టె తెరిచి, మూసి, "ఏం లేదు అత్తయ్యగారూ, కొత్త కదా, బెదురు" అంది.

మర్నాడూ ఓనరమ్మను చూసి కూసింది. ఆ మర్నాడూ అంతే. అదే నాయనమ్మ ఒట్టి కాళ్లతో దానిముందే నిలబడి, దానికేసి చూస్తూ చెవిలో పుల్ల పెట్టి తిప్పుకున్నా కిక్కురుమనలేదు. మొదటి అంతస్తు రిటైర్డు హెడ్‌క్లర్కుని చూసి ఒకరోజు కూసింది, ఒకరోజు ఊరుకుంది. ఇక మా మేడకి ఇంతకంటే ఏం కావాలి. అబద్ధాలాడేవాళ్లను చూసి కూస్తోందని ఎవరన్నారో తెలియదు గానీ, సాయంత్రానికల్లా కుళాయి దగ్గర చెంబులు నిండి పొర్లుతున్నా ఎవరూ కదల్లేదు.

"ఓనరమ్మ విషయంలో పెట్టె తప్పేం లేదు. ట్యాంకు కడిగించానంది, కడిగించిందా?" అంది రెండో అంతస్తు నర్సు.

"మరి హెడ్‌క్లర్కుగారో?"

"ఆయన రోజు మార్చి రోజు ఆడతాడేమో, ఆఫీసు అలవాటు."

ఆ మాటలు మెట్ల మీద నడవడం మొదలుపెట్టాయి. నర్సు తన మొగుణ్ని మెట్ల మలుపు దాకా చెయ్యిపట్టి తీసుకొచ్చి, "నిన్న సాయంత్రం ఎక్కడున్నారో ఇక్కడ నిలబడి చెప్పండి" అంది. అతను పెట్టెకేసి చూసి, "నాకు మోకాళ్ల నొప్పి, ఇక్కడ నిలబడలేను" అని దిగిపోయాడు. అప్పట్నుంచి మగవాళ్లు వెనక వైపు ఇనప మెట్లెక్కి ఇళ్లకి చేరుతున్నారు. అవి తుప్పుపట్టి ఊగుతున్నా సరే, ప్రాణం కంటే పరువు ముఖ్యం.

నాయనమ్మ మాత్రం ఆ మలుపులో పీట వేసుకు కూర్చుంది. పెట్టె తనను చూసి కూయదు కాబట్టి ధర్మకాటా తనే అన్నట్టు, వచ్చేపోయేవాళ్లను ఓ చూపు చూసేది.

శనివారం నాటికి ఈ కథ ఓనరమ్మ చెవిన పడింది. ఆవిడ విసురుగా వచ్చి, అడుగడుక్కీ కూస్తున్న పెట్టెను మేకుతో, వైరుతో సహా పీకి, ఇంట్లోకి తీసుకుపోయి తలుపేసుకుంది. రాగితీగ వెనకే దిగి తలుపు కొట్టింది. వెనక నేను, నర్సు, నాయనమ్మ. మేమంతా సాయానికే వచ్చాం.

"అత్తయ్యగారూ, సోమవారం పరీక్ష. అది లేకపోతే నా ఏడాది పోతుంది."

"నీ ఏడాది పోతే వచ్చే ఏడు వస్తుంది. నా పరువు పోతే వస్తుందా? ట్యాంకు కడగలేదని ఊరంతా చెప్పించావు నీ డబ్బాతో."

"కడిగించారా మరి?" అంది నాయనమ్మ వెనకనుంచి.

"నాయనమ్మా, నువ్వుండు" అంది పిల్ల గబగబా.

ఓనరమ్మ సమాధానం చెప్పాలనే తలుపు తెరవబోయింది. ఇనప గడియ మీద చెయ్యి వేసిందో లేదో చిటుక్కుమంది. "అబ్బా" అని చెయ్యి విదిలించుకుంటూ బయటికొచ్చి, "చూడండి, ఇప్పుడు తలుపు కూడా కరుస్తోంది. ఈ పిల్ల నా ఇంట్లో ఏం పెట్టిందో" అంది.

రాగితీగ ఓనరమ్మను కాలి నుంచి తల దాకా చూసింది. మొత్తం చలికాలం ఆవిడ ఒంటిమీదే ఉండే గులాబీ రంగు స్వెటరు. ఊలు కాదు, ఊలులా నటించే నైలాను, కుచ్చుకుచ్చులుగా గొర్రెపిల్లలా ఉంటుంది. కాళ్లకి రబ్బరు చెప్పులు. ఆ చెప్పులతో తివాచీ మీద రోజంతా ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

"అత్తయ్యగారూ, గడియ రోజూ కరుస్తుందా?"

"చలి మొదలైందగ్గర్నుంచి కరుస్తూనే ఉంది."

"ఒక్కసారి ఆ స్వెటరు తీసి నాయనమ్మకి ఇస్తారా? చెప్పులు కూడా."

"ఎందుకే? నీ పెట్టెతో నన్ను దొంగను చేశావు, ఇప్పుడు నా బట్టలు కూడా కావాలా?"

"మీరు దొంగ కాదని అందరి ముందూ చూపిస్తా. వీళ్లంతా సాక్షులు."

సాక్షులన్న మాట ఓనరమ్మకి నచ్చింది. మమ్మల్నందర్నీ లోపలికి పిలిచింది. పెట్టెను కిటికీ మేకుకి తగిలించారు. స్వెటరు విప్పి, చెప్పులు వదిలి, గచ్చు మీద ఒట్టి కాళ్లతో ఓనరమ్మ దాని ముందు అటూ ఇటూ నడిచింది. పెట్టె పలకలేదు. చెయ్యి పెట్టి చూపించింది, పలకలేదు. "ట్యాంకు కడిగించాను" అని గట్టిగా అంది. పలకలేదు. నర్సు ముఖం మాడిపోయింది.

ఇక నాయనమ్మ వంతు. గులాబీ స్వెటరు మోకాళ్ల దాకా వచ్చింది, చెప్పుల్లో కాళ్లు పడవల్లో పిల్లుల్లా ఉన్నాయి. తివాచీ మీద ఓ చుట్టు ఈడ్చుకుంటూ తిరిగి పెట్టె దగ్గరకి రాగానే అది కూసిన కూతకి కిటికీలో పావురాలు లేచిపోయాయి.

"అయితే అబద్ధాలకోరు మీ ముసలమ్మేనన్నమాట" అంది ఓనరమ్మ తీరిగ్గా.

"నా వయసులో ఆ మాత్రం ఆడకపోతే ఎలా కుదురుతుందమ్మా. ఈ స్వెటరు మాత్రం వెచ్చగా ఉంది" అంది నాయనమ్మ, విప్పకుండా.

రాగితీగ నేల మీద కూలబడి నవ్వింది. తర్వాత మాకు విడమరిచి చెప్పింది. నాకర్థమైనంత వరకు అదేమిటంటే, పొడి చలిలో నైలాను బట్ట ఒంటికి రాసుకుంటే మనిషి మీద కరెంటు పేరుకుంటుంది, రబ్బరు చెప్పులు దాన్ని నేలలోకి దిగనివ్వవు. గడియ ముట్టుకుంటే చిటుక్కుమనేది అదే. హెడ్‌క్లర్కుగారు అలాంటి స్వెటరు వేసుకున్న రోజే కూసిందన్నమాట. ఇక పెట్టెలోకి కబురు తెచ్చే వైరు, నీళ్లు లేనప్పుడు, ఎటూ కట్టకుండా వదిలేసిన గేదెలాంటిది. ఓనరమ్మ మీది కరెంటు దూరం నుంచి సైగ చేసినా దాని వెంట పోతుంది. దాన్ని గుంజకి కట్టాలి. గుంజంటే చిన్న ముక్క, బియ్యపు గింజంత, రెసిస్టరంటారట. అది పెట్టడం పిల్ల మర్చిపోయింది.

"మరి ల్యాబులో ఎందుకు కూయలేదు?" అంది వాళ్లమ్మ, టేపు మెడలో వేసుకునే కిందికొచ్చి.

రాగితీగ నాలిక కరుచుకుంది. "అక్కడ టీవీలాంటి పరికరం ఒకటుంటుందమ్మా, వైరులో ఏం జరుగుతోందో గీతల్లో చూపిస్తుంది. నేను చూద్దామని దాని కొక్కెం ఎప్పుడూ ఆ వైరుకే తగిలించి ఉంచేదాన్ని. వైరు కూడా దాన్నే పట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఇంటికి తెచ్చేటప్పుడు కొక్కెం తీసేశా."

"అంటే మాస్టారున్నంతసేపే నోరు మూసుకున్న క్లాసులాగ."

"అచ్చం అంతే."

ఓనరమ్మ పెట్టె ఇచ్చేసింది. ఇచ్చేముందు మమ్మల్నందర్నీ వరసగా చూసి, "ఇంకా ఎవరికైనా సందేహాలున్నాయా?" అంది. మాకెవరికీ లేవు. నర్సుకైతే అర్జెంటుగా డ్యూటీ గుర్తొచ్చింది.

కుట్టుమిషను పక్కన బియ్యపు గింజను టంకం పెట్టి అతికించి, పెట్టెను మళ్లీ మెట్ల మలుపులో తగిలించింది పిల్ల. ఆదివారమంతా ఓనరమ్మ అదే స్వెటరుతో, అదే చెప్పులతో, తివాచీ మీద తొక్కితొక్కి మరీ మెట్లెక్కింది, దిగింది. పరీక్ష తనదే అయినంత పట్టుదల. పెట్టె నోరెత్తలేదు. మోటారు వేసి ట్యాంకు నింపితే మాత్రం గుండెలదిరేలా కూసింది. మగవాళ్లు ముందు మెట్లెక్కడం మొదలుపెట్టారు. మేడలో ఆడవాళ్లకి మాత్రం ఏదో వెలితి. "ఆ గింజ తీసేస్తే మళ్లీ పాతలా పనిచేస్తుందా?" అని నర్సు రహస్యంగా అడిగిందట.

సోమవారం సంగతి రాగితీగ వాళ్లమ్మతో చెబుతుంటే గోడ ఇవతల నుంచి విన్నది విన్నట్టు రాస్తున్నా. పరీక్షకుడు బట్టతలాయన. ఏ పిల్ల బల్ల దగ్గర ఆగినా నవ్వడు, అడుగుతాడు, రాసుకుంటాడు, కదులుతాడు. అప్పటికే పక్క బల్ల మీది రోబో గోడకి గుద్దుకుని పడిపోయింది. రాగితీగ గాజు జాడీలో నీళ్లు పోసింది, పెట్టె కూసింది. నీళ్లు ఒంపేసింది, ఊరుకుంది. ఆయన తలాడించి జేబులోంచి ప్లాస్టిక్ దువ్వెన తీశాడు.

జుట్టు లేని మనిషికి దువ్వెనెందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఆయన దాన్ని చొక్కా చేతికి కసకసా రుద్దాడు. రుద్దిన దువ్వెనను వైరు పక్కకి, పెట్టె పక్కకి, మళ్లీ వైరు చివరికి తెచ్చాడు. పెట్టె కిక్కురుమనలేదు.

"ఈ దువ్వెనకి ఇవాళ పొద్దుటినుంచి ముగ్గురు పోయారు. నీకెవరు చెప్పారమ్మా, ఇక్కడ రెసిస్టరు పెట్టాలని?" అన్నాడాయన.

"మా ఇంటి ఓనరుగారి స్వెటరు సార్" అంది రాగితీగ.

ఆయన కలం ఆపి, మొత్తం చెప్పమన్నాడు. చెప్పింది. నాయనమ్మ దగ్గరకి వచ్చేసరికి ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది. తర్వాత పాసు అని రాసి, సంతకం పెట్టి, పక్క బల్ల దగ్గరకి కదులుతూ వెనక్కి తిరిగి, "ఇంతకీ ట్యాంకు కడిగించారా?" అన్నాడు.