పదిహేడేళ్ల తాళాలు

రెండు దేశాలూ తగవుపడి రాయబారుల్ని వెనక్కి పిలుచుకున్న రోజున, అవతలి దేశపు ఎంబసీలో గదులూడ్చే మా అత్త చేతిలో అక్కడి అధికార్లు తాళాల గుత్తి పెట్టి, "నెల్లాళ్లలో వచ్చేస్తాం" అన్నారు. పదిహేడేళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆమె ఖాళీ కుర్చీల దుమ్ము దులిపింది, గేటు పక్కనున్న ఇత్తడి పలకను తళతళలాడేలా తోమింది.

"రాయబారిగారూ, టీ తాగుతారా?" అని టీకొట్టతను ఏడిపించేవాడు.

"నవ్వరా నవ్వు! ఈ తలుపులు తెరవగానే మా అక్క దగ్గరికి పోతున్నా" అనేది.

అక్క కాపురం సరిహద్దు అవతల. ఎంబసీకి తాళం పడిన పదకొండో ఏట ఆ అక్క పోయింది. ఆ కబురు ఇవతలికి రావడానికే ఏడాది పట్టింది. దేశాల్నేలే పెద్దల ఇళ్లల్లో ఏ చావు కబురూ అంతకాలం ఆగి ఉండదు.

చివరికి ఆ పెద్దలు చేతులు కలిపి ఫొటోలు దిగారు. ఎంబసీ తెరిచిన రోజు మొదటి వీసా దరఖాస్తు అత్తదే.

"అక్క సమాధి చూసొస్తాను బాబూ."

కొత్త గుమాస్తా కాగితం తిరగేశాడు. "రమ్మని పిలిచిన బంధువు సంతకం ఏదమ్మా? అది లేకుండా కుదరదు."

"మీరు తాళం వేసిననాడు సంతకం పెట్టే మనిషి ఉంది బాబూ" అంటూ అత్త తాళాల గుత్తిని బల్ల మీద పెట్టేసింది.