సగటులో పోయిన త్రికోణం

ల్యాబ్‌లో మా సీనియర్ నన్ను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. "మౌనవ్రతం" అనేవాడు. నేను గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చి, మూల కుర్చీలో, మొహమాటంతో ఎవరితోనూ మాట్లాడకుండా నా పని నేను చేసుకునేదాన్ని. అతనంటే నాకు అసహ్యం. అప్పుడూ, ఇప్పుడూ.

రెండు సీసం కేంద్రకాలు ఢీకొనే తొలి క్షణాన్ని కంప్యూటర్‌లో కట్టడం నా పని. కేంద్రకం నున్నటి బంతి కాదు. లోపలి ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఒక్కో ఢీలో ఒక్కో చోట ఉంటాయి. అందుకే అక్కడ పుట్టే వేడి ముద్ద ప్రతిసారీ ఒక కొత్త వంకరతో ఉంటుంది. ఆ వంకర వల్ల, బయటికి చిమ్మే కణాలు మూడు దిక్కులకు ఎక్కువగా, త్రికోణంలా పోతాయని నా లెక్క చెప్పింది. థీసిస్‌లో పూర్తిగా నాదనుకునే అధ్యాయం అదొక్కటే.

సీనియర్ దాన్ని తన ప్రోగ్రాంతో సరిచూసి, గ్రూప్ మీటింగ్‌లో అందరి ముందూ పెట్టాడు. త్రికోణం సున్నా.

"ఏటి మౌనవ్రతం, నీ త్రికోణం ఏ బస్సెక్కీసింది?"

అందరూ నవ్వారు. మా గైడూ నవ్వారు. "ఆ సాప్టర్ తీసీమ్మా, పరువు పోద్ది."

చెవులు మండాయి. అయినా స్క్రీన్ మీది బొమ్మ నుంచి కళ్లు తిప్పలేదు. ఆ ముద్ద అరిగిన సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. ఏ ఒక్క ఢీలోనూ అలా రాదు. టైం మిగులుతుందని అతను వేల ఢీలను ముందే కలిపి సగటు తీసి, ఆ ఒక్క ఆకారాన్నే ప్రోగ్రాంలో నడిపాడు. ఒకదాని ఉబ్బు ఇంకొకదాని నొక్కులో పూడిపోయింది.

"సగటు ముందే తీసీసారు సార్," అన్నాను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను. "ఒక్కో ఢీలో త్రికోణం ఎంతుందో విడిగా కొలిసి, సగటు ఆఖర్న తియ్యాల."

"ఎప్పుడు తీస్తే ఏటి? సగటు సగటే కదా," అన్నాడు సీనియర్.

"గాజువాక జంక్షన్‌ని రోజంతా ఫొటోలు తీసి ఒకదాని మీదొకటి కలిపీండి. ఒక్క ఆటో కనపడదు. ఆటోలే లేవంటారేటి?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గైడ్ అతన్ని విడివిడిగా నడపమన్నారు. తర్వాతి మీటింగ్‌కి అతని ప్రోగ్రాంలోనే త్రికోణం వచ్చింది. అతను నా వైపు చూడలేదు.

"పోన్లేమ్మా, దీన్ని పేపరుగా ఇద్దరూ కలిసి రాసీండి," అన్నారు గైడ్. "సీనియర్ కదా, ముందు అతని పేరెట్టు."

"సాప్టర్ నాది సార్. నాను కలిసి రాయను."

"మౌనవ్రతానికి నోరొచ్చీసింది," అని సీనియర్ గొణిగాడు. గైడ్ మొహం గంటు పెట్టుకున్నారు గానీ మళ్లీ అడగలేదు.

అధ్యాయం నా పేరు మీదే ఉంది. కారిడార్‌లో అతను ఎదురైతే ఇప్పటికీ పలకరించను. అయితే ఇప్పుడది మొహమాటం కాదు.